నేనేదో నొక్కానురా

దీపావళికి తెనాలి వెళ్ళి హైదరాబాద్ తిరిగొచ్చిన నాలుగో రోజున పెదనాన్న ఫోన్ చేశారు. “ఒరేయ్, కంప్యూటర్ లేవడం లేదురా. నేనేదో నొక్కాను,” అన్నారు. ఏం నొక్కారని అడిగితే, అదే తెలియడం లేదన్నారు. ఆ గొంతులో, అద్దం పగలగొట్టిన పిల్లవాడి గొంతులో ఉండే బెదురు ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి పిల్లల్ని బెదరగొట్టిన మనిషి. “ఏం కాదులెండి, వచ్చినప్పుడు చూస్తాను,” అని ఫోన్ పెట్టేశాను. నాకప్పటికి ఏమీ గుర్తుకు రాలేదు. నిజంగానే రాలేదు. దీని సంగతి మళ్ళీ చెప్తాను.

రిటైరయ్యాక ఆయన పట్టుకున్న పని ఒకటుంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తి పదకోశం వచ్చింది కదా, దాన్ని పక్కన పెట్టుకుని, మా ఊళ్ళో తన చిన్నప్పుడు విన్న మాటల్లో అందులో దొరకనివీ, దొరికినా అర్థం కాస్త తేడాగా ఉన్నవీ రాసుకోవడం. ఆకుమడి దగ్గర మొదలుపెట్టి ఒక్కో మాటకీ ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు, చేత్తో ఎలా చూపించారు అన్నది కూడా రాస్తారు. అన్నవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. పదేళ్ళుగా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం నేర్చుకుని, రెండు వేళ్ళతో, ఇదంతా ఆ పెట్టెలోకి ఎక్కించారు. ఇంకో కాపీ లేదు. అంతకు ముందు నోటు పుస్తకాల్లో ఉన్నవాటిని, ఇక వీటితో పనేముందని, చెదలు పట్టాయని, పెద్దమ్మ చేత తీసేయించారు.

మూడు వారాలకి వెళ్ళాను. స్విచ్ వేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: బూట్ చేయడానికి పరికరమేదీ లేదు. ఎఫ్2 నొక్కి సెట్టింగుల్లోకి వెళ్ళాను. బూట్ మోడ్ అన్న వరుస దగ్గర ‘యూఈఎఫ్‌ఐ’ అని కనబడగానే కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. అది మార్చింది నేనే.

మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 బాధ్యత వదిలేశారు. పండగకి వెళ్ళినప్పుడు పెదనాన్న కంప్యూటర్‌ని 11కి ఎక్కిద్దామని నాకు పుట్టింది. ఆయన అడగలేదు. 11 కావాలంటే యూఈఎఫ్‌ఐ పద్ధతిలో లేవాలి కాబట్టి, మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నప్పుడు కూర్చుని, ‘లెగసీ’ అని ఉన్నదాన్ని మార్చి, ఎఫ్10 కొట్టి సేవ్ చేశాను. ఈలోగా స్టేషన్‌కి ఆటో వచ్చింది. అది మళ్ళీ లేస్తుందో లేదో చూడకుండా స్విచ్ కట్టేసి, చెప్పులు వేసుకుని వచ్చేశాను. హాస్యమేమిటంటే, 2014లో కొన్న ఆ పెట్టెలో 11కి కావాల్సిన ప్రాసెసర్ లేదు, టీపీఎం 2.0 చిప్పూ లేదు. నేను తలపెట్టిన మేలు ఎలాగూ జరిగేది కాదు.

జరిగిందేమిటో కాస్త వివరంగా చెప్పాలి. పాత పద్ధతిలో, కంప్యూటర్‌కి కరెంటు అందగానే బయోస్ అనే చిన్న ప్రోగ్రాం డిస్కులో మొట్టమొదటి సెక్టారుని, అంటే 512 బైట్లని, చదువుతుంది. విండోస్‌ని లేపే దారి అక్కణ్ణుంచి మొదలవుతుంది. యూఈఎఫ్‌ఐ ఆ మొదటి సెక్టారు మాట వినదు. దానికి డిస్కు మీద ప్రత్యేకంగా ఒక చిన్న విభాగం ఉండాలి, అందులో ‘ఈఎఫ్‌ఐ’ అనే తోకతో ఒక ఫైలు ఉండాలి. పెదనాన్న డిస్కు పాత అచ్చులో, ఎంబీఆర్‌లో తయారైనది. అందులో ఆ విభాగమే లేదు. మార్చాలంటే వరసుంది: ముందు ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టుతో డిస్కుని కొత్త అచ్చులోకి మార్చుకుని, ఆ తర్వాత సెట్టింగు మార్చాలి. నేను తలుపు మార్చకుండా తాళం మార్చి వెళ్ళిపోయాను. లోపల పదకోశంలో ఒక్క అక్షరం చెక్కుచెదరలేదు.

దాన్ని మళ్ళీ ‘లెగసీ’ చేసి ఎఫ్10 కొడితే రెండు నిమిషాల్లో లేచింది.

కానీ ఈలోపల ఇంకో కథ నడిచింది. పెదనాన్న ఆ పెట్టెని రిక్షాలో వేసుకుని బజార్లో రిపేరు కొట్టుకి తీసుకెళ్ళారట. అక్కడి కుర్రాడు విండోస్ కొత్తగా ఎక్కించబోతే, ఈ డిస్కు ఎంబీఆర్, దీని మీద కుదరదని తెర మీద వచ్చింది. యూఈఎఫ్‌ఐలో అలాగే వస్తుంది మరి. “డిస్కు మొత్తం తుడిస్తేగానీ ఎక్కదు మాస్టారూ, తుడిచెయ్యమంటారా?” అని అడిగాడు. వాడినేమీ అనలేను, తెర చెప్పిందే వాడు చెప్పాడు. బిళ్ల బ్యాటరీ ఓసారి పీకి పెట్టి ఉంటే సెట్టింగులు మొదటికొచ్చి బహుశా బండి నడిచేదేమో, అది వేరే సంగతి. పెదనాన్న ఆలోచించి, “వద్దులేవోయ్, మావాడొస్తాడు, వాడికి తెలుసు,” అని వెనక్కి తెచ్చుకున్నారు. అంటే, నా చేతిలో పోవాల్సిన పదేళ్ళ పని, నా మీద నమ్మకం వల్ల మిగిలింది.

ఆ మాట విన్నాక కూడా నేను నిజం చెప్పలేదు. పైగా రెండు నిమిషాల్లో అయిపోయిందంటే అనుమానమొస్తుందని, ఇంకో అరగంట అవీ ఇవీ నొక్కుతూ కూర్చున్నాను. పెద్దమ్మ కాఫీ ఇచ్చింది. పెదనాన్న పక్కింటాయనతో, “నేనేదో నొక్కి చెడగొట్టాను, మావాడు బతికించాడు,” అన్నారు. నేను కాఫీ తాగాను.

బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో ‘నైతిక అదృష్టం’ అన్న విషయం మీద జంటగా వ్యాసాలు రాశారు. మనం చేసే పనికి వెల కట్టేది మన ఉద్దేశమా, లేక మన చేతిలో లేని ఫలితమా అన్నది ప్రశ్న. ఆ కుర్రాడు ఆవేళ సరేనని తుడిచేసి ఉంటే నేను ఘాతకుణ్ణి. తుడవలేదు కాబట్టి కొంచెం తొందరపాటు మనిషిని. నేను చేసిన పని మాత్రం రెండు చోట్లా అదే, అక్షరం తేడా లేదు. ఈ అదృష్టాన్ని వాడుకుని నన్ను నేను క్షమించేసుకోవచ్చు. కొన్నాళ్ళు అదే చేశాను. నా ఉద్దేశం మంచిదే కదా, పోయిందేమీ లేదు కదా, ఇప్పుడు చెప్తే ఆయనకి బాధ తప్ప ఏమిటి అని.

దశరథుడు కూడా ఏనుగనుకునే కొట్టాడు. చీకట్లో, శబ్దం విని. వాల్మీకి కథలో నాకు ముఖ్యమనిపించేది ఆ బాణం కాదు, ఆ తర్వాతది. నీళ్ళ కుండ పట్టుకుని గుడ్డి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్తాడు. అడుగుల చప్పుడు విని వాళ్ళు కొడుకే అనుకుంటారు. ఆ ఒక్క క్షణం ఆయన మాట్లాడకుండా కుండ అందించి వచ్చేసి ఉండొచ్చు. నేను మీ కొడుకుని కాను, దశరథుణ్ణి అంటాడు. నీ అంతట నువ్వొచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల వెయ్యి చెక్కలయ్యేదని ఆ తండ్రి అంటాడు. చెప్పినా శాపం తప్పలేదు. అయినా చెప్పడం లెక్కలోకొచ్చింది. నేను కుండ అందించి, కొడుకు గొంతుతోనే, తాగండి అన్నవాణ్ణి.

ఇందాక మళ్ళీ చెప్తానన్న సంగతి ఇది. ఫోన్ వచ్చినప్పుడు నాకు నిజంగా గుర్తు రాలేదన్నాను. భాట్ట మీమాంసకులు అనుపలబ్ధి అని ఒక ప్రమాణం చెప్తారు. నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదని తెలుస్తుంది. కానీ షరతుంది: ఉంటే కనబడి తీరాల్సిన పరిస్థితి ఉండాలి. చీకటి గదిలో చూసి కుండ లేదనకూడదు. ఆ నల్ల తెర చేసింది అదే. తను వెతకడం నేర్చిన చోట వెతికి, ‘నాకు కనబడలేదు’ అనాల్సింది పోయి ‘లేదు’ అంది. నేనూ ఫోన్లో అంతే. చెడగొడదామన్న ఉద్దేశం నాలో ఉందా అని వెతుక్కుని, లేదు కాబట్టి నా తప్పు లేదనుకున్నాను. ఏం చేశానో వెతకలేదు. ఆయన మాత్రం, ఏమీ చేయని మనిషి, మొదటి క్షణంలోనే తన చేతుల్లో వెతుక్కున్నారు.

జనవరిలో పెద్దమ్మ మాటల మధ్య, “ఆయన దాని దగ్గర కూర్చోవడం మానేశారు. మళ్ళీ ఏదైనా నొక్కుతానేమో అంటున్నారు,” అంది. ఫైలు ‘గూడ’ దగ్గర ఆగిపోయిందట. కాలవలోంచి పొలానికి ఇద్దరు తాళ్ళు పట్టుకుని నీళ్ళు తోడే గూడ. పోయిందేమీ లేదన్న నా లెక్క అక్కడ తప్పింది.

ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. మొత్తం, ఆటోతో సహా, అరగంట నాటకంతో సహా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. “అయితే నేను నొక్కింది కాదన్నమాట,” అన్నారు. కాసేపాగి, “ఎక్కించేముందు ఓ మాట అడిగుంటే వద్దనేవాణ్ణిరా. సరే, తెలియక చేశావు. మరి ఆ కాఫీ తెలిసే తాగావు కదా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ సెట్టింగుల్లోకి ఎలా వెళ్ళాలో చెప్పమన్నారు. ఎఫ్2 అన్నాను. రాసుకుంటున్న చప్పుడు వినబడింది.

ఫైలు ‘చ’లోకి వచ్చిందని మొన్న పెద్దమ్మ చెప్పింది. పెట్టె మీద ‘ఎవరూ ముట్టుకోరాదు’ అని అట్టముక్క అతికించారట. నాకు మాత్రం ఆయన ఇంకా ఫోన్ చేయలేదు.