తండ్రి మాట, ఎముక మాట

చిరంజీవి అమ్మలుకు,


వచ్చే నెల మీ కాలేజీవాళ్లు బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలకు తీసుకెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. మనసు నిండింది. మన బెంగళూరు లాల్‌బాగ్ గుట్ట ఎక్కినప్పుడల్లా "ఇందులో ఎముకలుండవా తాతయ్యా?" అని అడిగేదానివి. ఆ గుట్టలోని నైస్ అనే రాయి వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. అది పుట్టేనాటికి భూమ్మీద ఎముకున్న ప్రాణే లేదు. ఎముకలు కావాలంటే కర్నూలు సీమ సున్నపురాయి గుహలకే పోవాలి.

వెళ్లేముందు పేత్రుస్ కాంపర్ (1722–1789) అనే డచ్చి పండితుడి సంగతి తెలుసుకో. ఏనుగునూ, ఒరాంగుటాన్‌నూ కోసి చూసి ఎముకల తీరు నేర్చినవాడు. మాస్‌ట్రిక్ట్ ఊరి సున్నపురాయి గనుల్లో పెద్ద పెద్ద దవడలు బయటపడితే, అవి తిమింగలానివని 1786లో రాశాడు. అంతటివాడు చెప్పాక కాదనేదెవరు? కన్నకొడుకు ఆడ్రియాన్ కాదన్నాడు. తండ్రి పోయి పదేళ్లు దాటాక అవే ఎముకలు మళ్లీ పట్టిపట్టి చూసి, ఇది ఉడుముకు దగ్గరి జంతువని తేల్చాడు. ఆ జంతువుకు దవడల్లోనే కాదు, అంగిట్లోనూ పళ్లున్నాయి. కొన్ని సరీసృపాలకు అలా ఉంటాయి, తిమింగలానికి ఉండవు. 1808లో పారిస్ పండితుడు క్యువియే కూడా కొడుకు మాటే నిజమన్నాడు.

నన్నడిగితే ఇంతకు మించిన పితృభక్తి లేదు. తండ్రి నేర్పిన పద్ధతిని కొడుకు వదల్లేదు, తండ్రి తేల్చిన మాటనే వదిలేశాడు. ఆ తండ్రీ మొండివాడు కాడు. కొన్ని జంతుజాతులు పూర్తిగా అంతరించాయని చివరి రోజుల్లో, 1787లో, ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు.

నువ్వు వెళ్లే గుహల్లోనూ ఒక తండ్రీకొడుకులు పనిచేశారు. అక్కడ ఎముకలున్నాయని న్యూబోల్డ్ అనే ఆంగ్లేయుడు 1844లోనే రాశాడు. నలభై ఏళ్ల తర్వాత భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ చోటు మళ్లీ వెతికి పట్టుకుంటే, కొడుకు హెన్రీ తవ్వకం కొనసాగించాడు. దొరికిన వాటిలో ఒక ఖడ్గమృగానికి లిడెక్కర్ అనే పండితుడు 1886లో కర్నూలు పేరే పెట్టాడు: రైనోసెరస్ కర్నూలియెన్సిస్. ఆ తండ్రి ఫుటే 1894లో మైసూరు భూగర్భ శాఖకు తొలి అధిపతి అయ్యాడు.

అక్కడికి వెళ్లాక ఒకటి గుర్తుంచుకో: ఏ పొరలో, ఎంత లోతులో దొరికిందో రాసిపెట్టకపోతే ఎంత గొప్ప పన్నయినా నోరు మెదపదు. మీ మాస్టారు ఒకటి చెప్పి, నీ కళ్లకు ఇంకొకటి కనిపిస్తే, ఆ ఎముకనే చూపించి వినయంగా అడుగు. భయపడి ఊరుకోవద్దు. గుహలో ఏది కనిపించినా కదపకుండా ఫొటో తీసి, కొలతలు రాసుకుని, మాస్టారిని పిలువు. గుర్తుగా దాచుకుందామని మాత్రం ఏదీ జేబులో వేసుకోకు, తల్లీ.

నీ తాతయ్య,
బెంగళూరు