రక్షకుని ధర్మము

ఒకరి సొత్తును మరియొకరు కాపాడుట లోకమున నిత్యము జరుగుచున్నదే. తండ్రి బిడ్డను, రాజు ప్రజను, ధర్మకర్త దేవుని మాన్యమును కాపాడుదురు. వీరందరికిని రక్షకులనియే పేరు. అయితే రక్షించువాడు తాను రక్షించుచున్న దానికి యజమాని యగునా? ఈ ప్రశ్న పురాతనమైనది. ఒకరు నమ్మి అప్పగించిన సొమ్మునకు మన ధర్మశాస్త్రములు నిక్షేపమని పేరిడినవి. దానిని అడిగినప్పుడు తిరిగి ఈయనివాడు చోరునితో సమానముగా దండ్యుడని మనుస్మృతి శాసించినది. ధనము విషయముననే ఇంత కట్టుబాటు ఉండగా, ఒక మనుష్యుని జీవితమే నిక్షేపమైనచో రక్షకుని బాధ్యత ఎంతటిదో విజ్ఞులు ఊహింపగలరు.

ఇటీవలి కాలమున ఈ ప్రశ్నను లోకమంతయు చర్చించుటకు కారణమైనది అమెరికా దేశపు గాయని బ్రిట్నీ స్పియర్స్ జీవితము. 1981లో జన్మించిన ఈమె లూసియానా రాష్ట్రమున కెంట్‌వుడ్ అను చిన్న ఊరిలో పెరిగినది. పదేండ్ల ప్రాయముననే టెలివిజన్ పోటీలో పాడినది. పిదప డిస్నీ సంస్థవారి బాలల కార్యక్రమమున చేరినది. 1999 జనవరిలో ఆమె మొదటి ఆల్బము వెలువడి, మొదటి వారముననే ఆ దేశమున అమ్మకములలో ప్రథమ స్థానము నందుకొన్నది. లోకమంతట రెండు కోట్లకు పైగా ప్రతులు చెల్లినవి. ఆల్బము వెలువడునాటికి ఆమె వయస్సు పదునేడేండ్లు.

కీర్తి వచ్చునప్పుడు ఒంటరిగా రాదు. ఆమె ఎచటికేగినను ఛాయాచిత్రకారులు వెంటబడిరి. ఆమె నడక, దుస్తులు, కన్నీరు, అన్నియు పత్రికలకు అమ్మకపు సరకులైనవి. వివాహము విఫలమైనది. 2007లో ఇద్దరు పసిబిడ్డల పోషణాధికారమును న్యాయస్థానము తండ్రికి ఒసగినది. ఆ సంవత్సరమే ఆమె తన శిరస్సును తానే ముండనము చేసికొన్నది. తిరుమల యాత్రికునకు తలనీలాలు అర్పించుట అహంకారమును దించుకొనుట. కల్యాణకట్ట వద్ద ఎవరును ఎవరిని చూచి నవ్వరు. అచట మాత్రము ఆ దృశ్యమును చిత్రించి లోకమంతట విక్రయించిరి, పరిహసించిరి. తనను అనుక్షణము తేరిపార జూచిన లోకమునకు అది తన ఎదురుతిరుగుట యని ఆమె 2023లో ప్రచురించిన స్వీయచరిత్రలో చెప్పుకొన్నది.

2008 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ న్యాయస్థానము ఆమెను సంరక్షకత్వము క్రింద ఉంచినది. దీనిని అచట కన్సర్వేటర్‌షిప్ అందురు. వార్ధక్యముచే గాని, మతి తప్పుటచే గాని తమ్ము తాము చూచుకొనలేనివారి కొరకు సాధారణముగా వినియోగించు ఏర్పాటు అది. ఆమె కప్పుడు ఇరువదియారేండ్లు. ఆమె తండ్రి ముఖ్య సంరక్షకుడైనాడు. ఆమె కోరిన న్యాయవాదిని నియమించుకొనుటకు సైతము అప్పుడు అనుమతి లభింపలేదు.

ఇచట ఒక చిత్రమైన విషయము గమనింపదగినది. తన వ్యవహారములు తాను నడుపుకొనలేదని తీర్పు పొందిన ఆ స్త్రీ ఆ సంవత్సరాంతముననే కొత్త ఆల్బమును వెలువరించినది. తరువాత మరి మూడు ఆల్బములు వచ్చినవి. 2013 నుండి 2017 వరకు లాస్ వేగాస్ నగరమున రమారమి 250 ప్రదర్శనలిచ్చినది. వేలాది జనుల యెదుట గంటన్నరసేపు ఆడి పాడగల ఆమెకు తన సంపాదనను తన ఇచ్ఛ వచ్చినట్లు వెచ్చించు అధికారము లేదు. ఆమె ధనమునుండియే తండ్రికి నెలనెల వేతనము ముట్టినది. ఇరుపక్షముల న్యాయవాదులకును ఆమె సొమ్మే చెల్లినది.

2008లో ఆమె కష్టదశలో నుండెననుట నిజము. ఎవరో ఒకరు చేయి అందింపవలసిన సమయమే అది. తాను కుమార్తె మేలు కొరకే వ్యవహరించితినని తండ్రి పక్షమువారు వాదించిరి. ఒక మనుష్యుని అంతరంగమును తూచు త్రాసు మన చేతిలో లేదు. కాని రక్షణమునకు కొన్ని బాహ్య లక్షణములు కలవు. వానిని శ్రీమద్రామాయణమున భరతుని చరితము స్పష్టముగా చూపుచున్నది.

భరతునకు అయోధ్యా రాజ్యము పదునాలుగేండ్లు సంరక్షణకు వచ్చినది. ఆయన నందిగ్రామమున నారచీరలు ధరించి, ఫలమూలములతో కాలము గడపెను. రాజ్యము వలన తాను సుఖింపలేదు. ప్రతి కార్యమును పాదుకలకు నివేదించిన పిమ్మటనే నడపెను. యజమానుని ఎన్నడును మరువలేదు. గడువు తీరు దినమునకై ఎదురుచూచెను. శ్రీరాముడు రాగానే ధనాగారమును, ధాన్యాగారమును, సైన్యమును పదిరెట్లు పెంచి అప్పగించెను. రక్షితము వలన జీవింపకుండుట, సొంతదారుని మాట వినుట, తన అధికారము ముగియవలెనని తానే కోరుట. ఈ మూడును ఉన్నచోట రక్షణము కలదు. ఇవి లేనిచోట, పేరేదైనను, ఉన్నది స్వామ్యమే.

ఆ గాయని సంరక్షకత్వము పదమూడేండ్ల తొమ్మిది నెలలు సాగినది. 2021 జూన్ 23న ఆమె న్యాయమూర్తి యెదుట ఇరువది నిమిషములకు పైగా మాటలాడినది. తన ఇచ్ఛకు విరుద్ధముగా పని చేయించిరనియు, వివాహమాడుటకు, మరియొక బిడ్డను కనుటకు తనకు స్వేచ్ఛ లేదనియు వాపోయినది. ఆ మాటలు విన్న లోకము నివ్వెరపోయినది. ఆ సెప్టెంబరులో తండ్రి తొలగింపబడెను. నవంబరు 12న సంరక్షకత్వమే రద్దయినది. ఆ సంవత్సరముననే కాలిఫోర్నియా రాష్ట్రము తన సంరక్షకత్వ చట్టమును సవరించి, ఇట్టివారు తమకు నచ్చిన న్యాయవాదిని ఎన్నుకొను హక్కును గట్టిపరచినది.

ఇందు శ్రోతల పాత్రయు కలదు. ఆమె పాటను ప్రేమించినవారే ఆమె దుఃఖపు చిత్రములున్న పత్రికలను కొనిరి. కొనువారు లేనిచో అమ్మువారుండరు. మరల ఆ శ్రోతలలో కొందరే ఆమెను విడిపింపవలెనని న్యాయస్థానము వెలుపల ఏండ్లతరబడి నిలిచిరి. పాట విని ఆనందించినవాడు పాడినవారికి ఋణపడును. ఆ ఋణము టికెట్టు వెలతో తీరునది కాదు. పాడినవారిని మనుష్యులుగా చూచినప్పుడే తీరును.

నేడు మన ఇండ్లయందును చిన్నబిడ్డలు టెలివిజన్ పోటీలలో పాడుచున్నారు. బిడ్డ కంఠమున మాధుర్యమున్నచో తలిదండ్రులు సంతసించుట సహజము, ప్రోత్సహించుట ఉచితము. అయితే ఆ కంఠము భగవంతుడు ఆ బిడ్డకు ఇచ్చినది. తలిదండ్రులకు అది కొంతకాలపు నిక్షేపము మాత్రమే. బిడ్డ ఇక చాలునన్ననాడు ఆ మాట వినువారు, సంపాదించినది బిడ్డ పేరనే ఉంచువారు, పెరిగిననాడు పగ్గములు సంతోషముతో అప్పగించువారు భరతుని త్రోవను నడచినవారగుదురు. అట్టి ఇంట పెరిగిన బిడ్డకు కీర్తి వచ్చినను రాకున్నను లోటుండదు.