విన్నాక మారని మనసు

నాయకత్వ శిక్షణ తరగతుల్లో ఈ రోజుల్లో ముందుగా నేర్పేది వినడం. మధ్యలో అడ్డు రాకుండా, కళ్లలోకి చూస్తూ, చివరిదాకా వినమంటారు. మంచిదే. కానీ మన ఇతిహాసంలో ఎంతో ఓపిగ్గా విన్న పాలకుడెవరని వెతికితే ధృతరాష్ట్రుడు కనిపిస్తాడు. ఉద్యోగపర్వంలో, పాండవుల దగ్గరికి వెళ్లిన సంజయుడు తిరిగొచ్చిన రాత్రి ఆయనకు నిద్ర పట్టదు. విదురుణ్ణి పిలిపించుకుంటాడు. పాండవుల భాగం పాండవులకు ఇచ్చెయ్యమని, కొడుకు మాట పట్టుకుంటే వంశం మిగలదని విదురుడు మొహమాటం లేకుండా చెబుతాడు. రాజు కోపగించుకోడు, ఇంకా చెప్పమంటాడు. చెప్పినదంతా నిజమేనని ఒప్పుకుంటాడు కూడా. ఆ వెంటనే, దుర్యోధనుడు ఎదురైతే మాత్రం తన బుద్ధి మళ్లీ అటే తిరుగుతుందని, దైవాన్ని ఎవరూ దాటలేరని అంటాడు. తిక్కన తెనిగించిన ఈ ఘట్టాన్ని విదురుడి నీతుల కోసమే చదువుతూ వచ్చాం. విన్నవాడు ఎందుకు మారలేదన్న ప్రశ్న అంతకన్నా పెద్దది.

ధృతరాష్ట్రుడికి తెలివి ఉంది, సమాచారం ఉంది, ఓపిక ఉంది. మమకారం మాత్రం వదల్లేకపోయాడు. భగవద్గీత ఆయన ప్రశ్నతోనే మొదలవుతుంది. ఆ ఒక్క ప్రశ్నలోనే తన కొడుకులను నావాళ్లని, తమ్ముడి కొడుకులను పాండవులని విడదీశాడు. ఆఫీసులోనూ మమకారానికి చోటు దొరుకుతుంది. నా ప్రాజెక్టు, నా నిర్ణయం, పైవాళ్లకు నేనిచ్చిన తేదీ, నేను ఏరి తెచ్చుకున్న మనిషి: దుర్యోధనుడి స్థానంలో ఇవే వచ్చి కూర్చుంటాయి. కాబట్టి నాయకత్వం నేర్చుకోవడమంటే ముందు ఈ పట్టు సడలించుకోవడమే. మిగిలిన నైపుణ్యాలన్నీ ఆ తర్వాతే పనికొస్తాయి.

1986 జనవరి 27 రాత్రి అమెరికాలోనూ ఇదే జరిగింది. మర్నాడు ఛాలెంజర్ వ్యోమనౌక బయల్దేరాలి. దాని బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థియోకాల్ కంపెనీ ఇంజనీర్లు ఫోన్ సమావేశంలో నాసా అధికారులకు అభ్యంతరం చెప్పారు. ఇంత చలికి బూస్టర్ అతుకుల్లోని రబ్బరు రింగులు బిగుసుకుపోతాయని, వేడి వాయువును ఆపలేకపోవచ్చని, 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చల్లగా ఉంటే ప్రయోగించవద్దని అన్నారు. అందరూ విన్నారు. నాసా అధికారులు అసంతృప్తి చూపాక కంపెనీ పెద్దలు విడిగా మాట్లాడుకున్నారు. ఇంజనీరు టోపీ తీసేసి మేనేజరు టోపీ పెట్టుకొమ్మని వారిలో ఒకరు ఇంజనీరింగ్ విభాగం పెద్దకు చెప్పారు. కంపెనీ తన అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంది. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకే ఛాలెంజర్ ముక్కలైంది, ఏడుగురు చనిపోయారు. హెచ్చరిక అందింది. కానీ అనుకున్న తేదీ మీద మమకారం దానికన్నా బలమైనదైంది.

మన మనసును మనమే పూర్తిగా నమ్మలేనప్పుడు ఏం చేయాలో అశోకుడి ఆరో శిలాశాసనం చూపుతుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్న 14 ప్రధాన శాసనాల్లో అదీ ఒకటి. తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా ప్రజల సంగతులు వెంటనే తనకు చేరాలని అశోకుడు అందులో ఆదేశించాడు. అంతకన్నా విలువైన నియమం మరొకటి ఉంది. తాను నోటిమాటగా ఇచ్చిన ఆజ్ఞ మీద పరిషత్తులో వివాదం వస్తే, అది కూడా ఆలస్యం లేకుండా తనకు తెలియాలి. తన శ్రమంతా ప్రాణులకు పడ్డ రుణం తీర్చుకోవడానికేనని కూడా చెప్పుకున్నాడు. అధికారాన్ని సొంత ఆస్తి అనుకున్నవాడికి అభ్యంతరం అవమానంగా తోస్తుంది. రుణం అనుకున్నవాడికి సాయంగా కనిపిస్తుంది.

మమకారం లేనివాడు పని మీద ప్రాణం ఎలా పెడతాడని కొందరు అడుగుతారు. గట్టి ప్రశ్నే. అయితే ధృతరాష్ట్రుడి లెక్క చూడండి: రాజ్యం తనవాళ్లది, తప్పు మాత్రం విధిది. మమకారం ఎంత ఉన్నా బాధ్యత అక్కడ లేదు. దీనికి పూర్తి ఎదురుగా నిలిచినవారు అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమైతే పత్రికల వారి ముందు ఆయనే నిలబడ్డారు. 1980 జులై 18న విజయం వచ్చినప్పుడు, ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాంను మాట్లాడమన్నారు. కలాం ఈ సంగతి తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. ఓటమిని తనదిగా, గెలుపును అందరిదిగా చేసుకోవడమే మమకారం లేని బాధ్యత. ఇంకో అభ్యంతరం: ప్రతి మాటకూ మారేవాడు నాయకుడెలా అవుతాడు? ప్రతి మాటకూ మారనక్కర్లేదు. సరైన మాటని తానే ఒప్పుకున్నాక మారకపోవడం దోషం. కారణం చెప్పి కాదన్నవాడు నిర్ణయం తీసుకున్నట్టు. ఒప్పుకొని కూడా విధి మీద, మార్కెట్ మీద, పైవాళ్ల మీద నెట్టేసినవాడు నిర్ణయం నుంచి పారిపోయినట్టు.

మీ కింద పనిచేసేది ఇద్దరే అయినా సరే, తర్వాతి నిర్ణయానికి ముందు ఏ సంగతి తెలిస్తే మనసు మార్చుకుంటారో వాళ్లకు చెప్పండి. అందరికన్నా చిన్న ఉద్యోగిని ముందు మాట్లాడనివ్వండి. అభ్యంతరాన్ని కాదంటే, ఎందుకు కాదన్నారో మీ పేరు మీదే రాసిపెట్టండి. విదురుడిలాంటి వాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వాళ్ల మాటకు ఫలం దక్కేలా చూడడమే నాయకుడి ధర్మం.