జీర్ణోద్ధరణ

శిథిలమైన దేవాలయమును నిలబెట్టుటకు మనవారు జీర్ణోద్ధరణమని పేరుపెట్టిరి. క్రొత్త గుడి కట్టించుటకంటె పాత గుడిని బాగుచేయించుట మేలని పెద్దలు చెప్పుచుందురు. పాత చెరువు పూడిక తీయించుటయు నట్టిదే. మరి పాత మోటారుకారును బాగుచేయించుట యే కోవలోనికి వచ్చును? అది పుణ్యమా, వినోదమా, లేక చేతినిండ ధనమున్నవాని చాపల్యమా? అనంతపురమున గడచిన శీతకాలమంతయు మేమీ ప్రశ్నతోనే ప్రొద్దుపుచ్చితిమి. దానికి కారణము మా మిత్రుడైన యొక న్యాయవాది కొనితెచ్చిన డాల్ఫిన్ కారు.

ఆ పేరు మా చదువరులలో పలువురు విని యుండరు. బెంగళూరులోని సిపానీ సంస్థవారు 1982లో దానిని విడుదల చేసిరి. ఇంగ్లండులోని రిలయంట్ అను చిన్న సంస్థ చేసిన కిటెన్ అను బండికిది తోబుట్టువు. రెండే తలుపులు. పైతొడుగు ఉక్కురేకు గాదు, గాజుపీచును జిగురుతో పొరలుపొరలుగా నతికి చేసినది. ఇంజను 848 ఘనసెంటీమీటర్లది, అల్యూమినియముతో పోసినది. ఇంజను చిన్నదేగాని బండి మిక్కిలి తేలిక. అంబాసిడరును ఫియెట్టును రోడ్లనేలుచుండిన దినములలో నీ తేలికతనమొక వింత. అందుచేతనే మదరాసునకు ఉత్తరమున షోలవరములో, యుద్ధకాలపు విమానక్షేత్రముమీద జరుగుచుండిన పందెములకును, దూరపు ర్యాలీలకును వేగమెరిగినవారు దీనిని కోరి తెచ్చుకొనిరి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చెను. అంతటితో డాల్ఫిన్ దినములు దగ్గరపడినవి. ఇప్పుడది కనబడుటయే యరుదు; కనబడినను ఏ గడ్డివామి ప్రక్కనో గాని రోడ్డుమీద గాదు.

మిత్రునికి దొరికినదియు నట్లే దొరికెను. గుత్తి దాపున నొక పల్లెలో చింతచెట్టు క్రింద నాలుగు రాళ్లమీద నిలిచియుండెను. ముందరి యద్దము లేదు. సీట్లలో నెలుకలు కాపురము చేసినవి. అయినను అడుగున వంగి చూచినప్పుడు మేస్త్రి మొగము వికసించెను. ఉక్కుచట్రమునకు పై త్రుప్పే గాని లోతు త్రుప్పు లేదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపట్టుల వాన కురియు నీ పీఠభూమి రైతునకు శాపమైనను పాత యినుమునకు వరము. సముద్రతీరమున నీ బండి యుండినచో నీపాటికి మట్టిలో కలిసియుండును.

ఇంజను సంగతి వేరు. వాన లేనిచోట బోరునీరే దిక్కు. ఆ నీటిలో లవణములు హెచ్చు. బండి తిరిగినన్నాళ్లును రేడియేటరులో నదే పోసిరి. అల్యూమినియమును ఇనుమును ఒక్కయింట కాపురముండగా నడుమ నుప్పునీరు చేరెనేని ముందుగా హరించిపోవునది అల్యూమినియమే. సిలిండరులపై మూతను విప్పినప్పుడు నీటిదారుల యంచులు చెదలు తిన్న కొయ్యవలె నుండెను. మేస్త్రి దానిని గోటితో గీకి, "వాన లేకపాయె, ఇనుము మిగిలె. మంచినీళ్లు లేకపాయె, ఇంజను పాయె" అనెను. అనంతపురపు చరిత్రను ఇంత క్లుప్తముగా చెప్పినవారిని మేమెరుగము.

ఐరోపావారును పాత కార్లను శీతకాలముననే బాగుచేసికొందురు. మంచు కురిసి దారులు మూసికొనిపోగా కొట్టములో కూర్చుండి మరలు బిగించుకొందురు. మన సీమలో కారణమింకొకటి. వేసవిలో రేకుల షెడ్డు క్రింద స్పానరు ముట్టుకొన్న చేయి కాలును. ఆషాఢమున రామగిరి కొండలమీది గాలిమరలను త్రిప్పు గాలియే వచ్చి పచ్చిరంగుమీద దుమ్ము చల్లును. కార్తికము మొదలు శివరాత్రివరకు గాలి నెమ్మదించును. వేరుసెనగ పెరికిన తరువాత ట్రాక్టరుల రద్దీ తగ్గి మేస్త్రికి తీరిక చిక్కును.

మొదటి యాక్షేపణ మిత్రుని యింటిలోనే పుట్టెను. ఆయన ఇల్లాలు మాకు కాఫీ యిచ్చుచు, "మా మరిది మూడు బోర్లు వేయించినాడన్నా. మూడూ ఎండిపోయినాయి. ఆయనకిచ్చేదానికి లేని దుడ్డు ఈ డబ్బాకు ఎక్కడినుంచి వచ్చిందో మీరైనా అడగండి" అనెను. మేము తర్కము తెలిసినవారమువలె బదులు చెప్పితిమి. పెనుకొండ దాపున ఎర్రమంచివద్ద 2019లో పని మొదలుపెట్టిన కియా కర్మాగారము ఏటికి మూడు లక్షల కార్లు చేయగలది. అందొకటి కొనినచో ధనము చాలవరకు ఊరు దాటిపోవును. పాతబండిమీద పెట్టిన ధనము వెల్డింగు చేయువానికి, లేతు పట్టువానికి, సీట్లు కుట్టువానికి చేరి యూరిలోనే తిరుగును అంటిమి. ఆమె లోనికిపోయి బిల్లుల సంచి తెచ్చి మా ముందు పెట్టెను. లెక్క చూచితిమి. ఇంగ్లండునుండి తెప్పించిన లైనర్లు, గాస్కెట్లు, వాని రవాణా, సుంకము, మెరుగుపూతలు: ఇవి పోగా చేతిపని చేసినవారికి ముట్టినది నాలుగవ వంతునకు మించలేదు. మా తర్కమక్కడ నిలిచిపోయెను.

అయితే నాలుగవ బోరులోనైనను నీరుపడునని యెవరు చెప్పగలరు? ఈ సీమలో బోరు వేయుటయు నొక పందెమే. ఆమెయు దాని నెరుగును. మాకు తోచినంతవరకు ఆమె మనసులో గ్రుచ్చుకొన్నది బోరు గాదు. తన్నొక్కమాటయైన నడుగకయే యింటి ధనము కదలిపోయినది. ఇది కారు దోషము గాదు, గృహమర్యాద దోషము. మిత్రుడు దానిని ఒప్పుకొనుటకు నెలదినములు పట్టెను. ఆపైని ఖర్చులు ఇద్దరును కూర్చుండి నిర్ణయించుకొనిరి. క్రొత్త బంపర్ల సంగతి ఆ కూర్చుండుటలోనే కొట్టుబడెను.

ఇక రెండవ చిక్కు. ఇంజను పాడైనది గదా. మారుతి ఇంజను వేసినచో ధర తక్కువ, సామాను ప్రతి యంగడిలోను దొరకును, బండి ఇప్పటికంటె హాయిగా నడచును. పలువురట్లే చేసిరని మేస్త్రి చెప్పెను. కాని యింజను మారి, సీట్లు మారి, తీగెలు మారి, రంగు మారిన తరువాత మిగులునది డాల్ఫినేనా? ఈ ప్రశ్న రెండువేల యేండ్లనాటిది. యవనరాజైన మిళిందుడు రథమెక్కి వచ్చితినని చెప్పగా, నాగసేనభిక్షువు ఇరుసు రథమా, చక్రము రథమా, నొగ రథమా యని ఒక్కొక్కటే అడిగి, కడపట రథమన్నది ఈ యన్నిటి కూడికకు మనము పెట్టుకొన్న వాడుకపేరు మాత్రమే యని తేల్చెను. మిళిందపన్హమను పాళీగ్రంథములో నీ సంవాదమున్నది. భిక్షువు వాదమునకు మే మెదురు చెప్పజాలము. కాని ఆయన యడుగక విడిచిన ప్రశ్న యొకటి కలదు: ఇరుసును చక్రమును కూర్చినదెవరు? కూడికయే రథమైనచో కూర్చినవాని నేర్పు ఆ రథములో నొక భాగము గావలదా?

మేస్త్రిని చూచిన తరువాతనే మాకీ ప్రశ్న తోచెను. ఆయన పదునారేండ్ల ప్రాయమున బెంగళూరిలో డాల్ఫిన్ బండ్లకు పనిచేసినవాడు. ఆ యింజనులో లైనరు అంచు ఎంత పైకి లేచియుండవలెనో ఆయన బొటనవ్రేలికి తెలియును. కొలతసాధనము పెట్టి చూచిన కొలతయు నదే వచ్చెను. మారుతి ఇంజను వేసినచో ఆ బొటనవ్రేలి విద్య యక్కరలేదు. ఆయనతోనే యది పోవును. పాత ఇంజనునే బ్రదికించినచో షెడ్డులోని మరియిద్దరు దానిని నేర్చికొందురు. ఈ హేతువుచేత మేము పాత ఇంజను పక్షము వహించితిమి. మూతను బెంగళూరునకు పంపి, తినిపోయినచోట అల్యూమినియమునే కరగించి నింపించి, పైని చదును చేయించిరి. ఇక నందులో బోరునీరు పోయరాదని మేస్త్రి ఆజ్ఞ.

బాగుచేయుటకొక హద్దుండవలెను. 1964లో వెనిస్ నగరమున పురాతనకట్టడముల సంరక్షకులు చేసికొన్న శాసనములో, ఊహ యెక్కడ మొదలగునో అక్కడ ఉద్ధరణ ఆగవలెనను నియమమున్నది. లేపాక్షి కప్పుమీది చిత్తరువులను చూచినవారికి దీని యర్థము వేరుగ చెప్పనక్కరలేదు. గచ్చు రాలినచోట రాలినట్లే యున్నది. నేటివాడెవ్వడును అక్కడ క్రొత్త మొగమును వ్రాయలేదు. కారు విషయమున నీ నియమము మాకు వెంటనే పరీక్షకు వచ్చెను.

పైతొడుగుమీది పాతరంగును ఉప్పుకాగితముతో రుద్ది తీయుపని షెడ్డులోని యొక బాలునికి పడెను. ఒకనాడు వాడు తలుపును రుద్దుచు రుద్దుచు తనంతట తానే యాగి మేస్త్రిని కేకవేసెను. ఎర్రరంగు క్రింద తెల్లని గుండ్రని మచ్చ, దానినడుమ అంకెవంటి గీతయొకటి తేలెను. పందెపుబండ్లమీద వ్రాయు సంఖ్యకాబోలు. ఇంకొక నిమిషము రుద్దినచో నది దుమ్మైపోయియుండును. మిత్రుని యానందమునకు మేర లేదు. షోలవరములో పరుగెత్తిన బండియని ఆ సాయంకాలమే నలుగురికి చెప్పదొడగెను. మేము వారించితిమి. ఎవరో కుఱ్ఱవాండ్రు వేడుకకు వ్రాసికొన్నదియు గావచ్చును. కాగితమొక్కటియైన సాక్ష్యము లేదు. న్యాయవాది గనుక సాక్ష్యమను మాటకు లోబడెను. మచ్చను పూర్తిచేయక, చెరుపక, ఉన్నదున్నట్లు పారదర్శకమైన పూత వేసి విడిచిరి.

ఆ బాలుని గురించి మేము వ్రాయవలసినది ఇంకను కలదు. గాజుపీచును రుద్దినప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు హాని చేయును. దానిని చూడబోయినప్పుడెల్ల మిత్రుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనెడివాడు. మేమును గడపవద్దనే నిలిచి చేతిరుమాలు పట్టుకొంటిమి. బాలుని ముక్కున కేమియు లేదు. వాని కనురెప్పలమీద తెల్లని దుమ్ము. వయస్సెంతయని మేస్త్రి నడిగితిమి. "పదహైదు ఉంటుంది సార్" అనెను. మాకు పండ్రెండనిపించెను. 2016లో సవరించిన చట్టము ప్రకారము పదునాలుగేండ్లు నిండనివారిని పనిలో పెట్టుకొనరాదు. పదునెనిమిది నిండనివారిని అపాయకరమైన పనులలో పెట్టరాదు. మాతో నిలిచినది న్యాయవాది. ఆయన మా వంక చూచెను, మేమాయన వంక చూచితిమి. మరునాడొక ముసుగు కొనిపంపితిమి. చేసినదంతే. పని సంక్రాంతికి ముగియవలెనని మాకును తొందరగనే యుండెను.

మిత్రుడొక పుస్తకము పెట్టెను. తీసివేసిన భాగమొక వరుస, వేసిన భాగమొక వరుస. మూడవ వరుస పెట్టుమని చెప్పినది మేము: చేసినవారెవరు? ఆయన మొదట నవ్వెను. పాత కారును బాగుచేసినవాడెవడని యడిగినచో యజమాని పేరే చెప్పుట లోకమర్యాద. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నిలిపిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సింహాసనరథమును చూచినవారందరికిని అది నిజాముదని తెలియును. మరల బిగించిన చేతుల నెవ్వరు నడుగరు. లేపాక్షి గుడి విరుపణ్ణది. చిత్తరువులు వ్రాసినవారి పేరులు మనకు దక్కలేదు. కడప మండలమున పోరుమామిళ్ల చెరువు కట్టించిన భాస్కరుని 1369నాటి శాసనము మాత్రము కొంత మేలు. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పనిచేసిరని యందు చెక్కించిరి. లెక్కించుటయైన జరిగినది; పేరులు లేవు. వేయిమంది పేరులు చెక్కుటకు రాయి చాలదందురేమో. నలుగురు పనిచేసిన కారునకు కాగితము చాలదా?

మిత్రుడు గీత గీసి మూడవ వరుస తెరచెను. సిలిండరు మూత నింపిన బెంగళూరు పనివాని పేరు ఫోనుచేసి తెలిసికొని వ్రాసెను. లేతుపనివాడు, సీట్లు కుట్టినవాడు, తీగెలు వేసినవాడు, అందరి పేరులును చేరినవి. మేస్త్రి తన పేరు చూచుకొని అక్షరదోషము దిద్దించెను.

సంక్రాంతికి మూడుదినముల తరువాత బండి కదలెను. తొలిసారి మేస్త్రియే నడపెను. తాడిపత్రి దారిలో కొంతదూరము పోయి వచ్చి, రెండవ గేరునుండి మూడవదానికి పోవునప్పుడొక చప్పుడున్నదని చెప్పి మరల షెడ్డులోనికి తోలెను. ఇల్లాలును ఎక్కి చూచెను. ముందరి సీటు ఇరుకనెను.

ఆ సాయంకాలము మిత్రుడు పుస్తకము తెరచి, పైతొడుగు రుద్దినవాని పేరు వ్రాయుటకు బాలుని పిలువుమనెను. పండుగకు వాడు ఊరికి పోయెననియు, మరల రాలేదనియు, ఏ యూరో సరిగ తెలియదనియు మేస్త్రి చెప్పెను. షెడ్డులో వానిని అందరును చిన్నోడా యనియే పిలిచెడివారు. ఇది వ్రాయునాటికి ఆ గడి ఖాళీగనే యున్నది.