నానమ్మ వెనక కేలెండరు

కెమెరా కొత్తగా కొన్నవాడికి మొదట దొరికేది ఇంట్లో నానమ్మే. ఆమె ఎక్కడికీ పోదు, డబ్బులు అడగదు, కదలకుండా కూర్చోమంటే కూర్చుంటుంది. పైగా ముఖం నిండా ముడతలు. ముడతలుంటే ఫొటో బ్రహ్మాండంగా వస్తుందని వాడు ఎక్కడో విన్నాడు. వసారాలో మంచం మీద, వెంకటేశ్వరస్వామి కేలెండరు ముందు కూర్చోబెట్టి తీస్తాడు. తనకంటే నాలుగేళ్లు ముందు కెమెరా పట్టినవాళ్ల దగ్గరికి పట్టుకెళ్తాడు. తీర్పు ఎలా ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్లెవరైనా చూడకుండానే చెప్పేస్తారు. ఫోకస్ కంటి మీద లేదు, చెవి మీద పడింది. నుదురు తెల్లగా కొట్టేసింది. వెనక ఆ కేలెండరు తీసేయాల్సింది, చూపు అటే లాగుతోంది.

మూడూ నిజాలే. ఇంటికొచ్చి నానమ్మకు చూపిస్తే ఆమె అనేది వేరు.

"పమిట సర్దుకోమని చెప్పొచ్చుగా నాన్నా. అయినా స్వామి బాగా పడ్డాడు."

వాళ్లు తప్పన్న కేలెండరే ఆమెకు ఆ ఫొటోలో చూడదగ్గది. మరి పోర్ట్రెయిట్ బాగుందో లేదో చెప్పే హక్కు ఎవరిది? తీసినవాడిదా, తెలిసినవాడిదా, అందులో ఉన్న మనిషిదా? పైకి ఇది ఫొటోల గొడవే. కాస్త తవ్వితే, ఎదుటి మనిషి ముఖం మనం చూసి పక్కన పెట్టే వస్తువా, మనం తీర్చాల్సిన బాకీనా అనే పాత ప్రశ్న తగులుతుంది.

కొత్తవాళ్లు పడే మాటలన్నీ పడిన మనిషి జూలియా మార్గరెట్ కామెరాన్. పుట్టింది 1815లో, కలకత్తాలో. 1863 చివర్లో ఇంగ్లండుకు దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ దీవిలో, ఫ్రెష్‌వాటర్ అనే ఊళ్లో ఉండగా కూతురూ అల్లుడూ కాలక్షేపానికని ఒక కెమెరా ఇచ్చారు. అప్పటికామెకు 48 ఏళ్లు. బొగ్గుల కొట్టును డార్క్‌రూమ్ చేసుకుంది. కోళ్లను వదిలేసి వాటి ఇంటిని స్టూడియోగా మార్చింది. ఆ రోజుల్లో గాజు పలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేటులో ముంచి, ఆ తడి ఆరేలోపే ఫొటో తీసి కడిగెయ్యాలి. ఆరిందా, పలక పోయినట్టే. ఊళ్లో ఒక రైతును కూర్చోబెట్టి తీసిన తొలి ఫొటోను ఆమె పొర ఉన్న వైపు చెయ్యి రాసి తనే చెరిపేసుకుంది.

1864 జనవరిలో ఆనీ ఫిల్‌పాట్ అనే చిన్నపిల్ల ఫొటో కుదిరింది. సంబరం పట్టలేక ఇల్లంతా తిరిగి ఆ పిల్లకివ్వడానికి కానుకలు వెతికిందట. ఆ ఫొటో మొత్తం ఆనీయే చేసిపెట్టినట్టు అనిపించిందని తర్వాత రాసుకుంది. నేర్చుకునే దశలో ఉన్నవాళ్లు ఇలా అనడం అరుదు. కుదిరితే తమ గొప్ప, కుదరకపోతే కూర్చున్నవాళ్లు కదిలారు!

ఫొటోగ్రాఫిక్ సొసైటీ పెద్దలు మాత్రం కనికరించలేదు. ఫోకస్ లేదన్నారు, పలకల మీద మరకలున్నాయన్నారు. లెన్సు తిప్పుతూ ఉంటే తన కంటికి అందంగా కనిపించిన దగ్గర ఆగిపోయేదాన్నని, అందరిలా ఇంకా పదునుగా కనిపించేదాకా తిప్పలేదని ఆమె జవాబు. శాస్త్రవేత్త జాన్ హెర్షెల్‌కు రాసిన ఉత్తరంలో, సరైన ఫోకస్ ఏదో తేల్చే అధికారం ఎవరికుందని నిలదీసింది. (పెద్దలు మరీ అన్యాయంగా మాట్లాడలేదు. మరకలూ వేలిముద్రలూ నిజంగానే ఉన్నాయి.)

దైవభక్తి గల మనిషి ఆమె. రచయిత కార్లైల్ లాంటివాళ్లు ఎదురుగా కూర్చున్నప్పుడు వాళ్ల పైరూపంతో పాటు లోపలి ఘనతనూ పట్టుకోవడం తన విధిగా భావించానని, అలా తీసిన ఫొటో దాదాపు ప్రార్థనేనని చెప్పుకుంది. ఆ ప్రార్థన చూసిన కార్లైల్ ఏమన్నాడంటే, ఘోరంగా, దిగాలుగా ఉన్నానని. పోలిక మాత్రం కాస్త వచ్చిందని. కవి టెన్నిసన్ 1865లో ఆమె తీసిన తన ఫొటోకు తనే 'మురికి సన్యాసి' అని పేరు పెట్టాడు. అదే ముఖంలో కామెరాన్‌కు యెషయా, యిర్మీయా లాంటి ప్రవక్తలు కనిపించారు. ఇంట్లో పనిచేసే మేరీ హిల్లియర్‌ను యేసు తల్లిగా ఎన్నిసార్లు కూర్చోబెట్టిందంటే, ఆ అమ్మాయికి 'మేరీ మడోన్నా' అనే పేరే పడిపోయింది. ప్రార్థన సరే. అందులో మేరీ హిల్లియర్ ఎంత ఉంది, కామెరాన్ కోరుకున్న మరియమ్మ ఎంత ఉంది? సొసైటీ పెద్దలు వేయాల్సిన ప్రశ్న ఇది. వాళ్లు మరకల దగ్గరే ఆగిపోయారు.

కంటి మీద ఫోకస్ ఉండాలన్న సీనియర్ల మాటను మాత్రం తేలిగ్గా కొట్టేయడానికి లేదు. విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ చేసేటప్పుడు నేత్రోన్మీలనం అని ప్రత్యేకంగా ఒక తంతు ఉంది. బంగారు సూదితో కళ్లు తెరుస్తారు. తెరిచాక ఆ చూపు ముందు అద్దం, ఆవూ దూడా లాంటి మంగళకరమైనవి ఉంచుతారు. అంతవరకూ మనం రాయిని చూశాం, అక్కణ్ణుంచి రాయి మనల్ని చూస్తుంది. గుడి నుంచి వచ్చి "దర్శనం బాగా అయింది" అంటామే, అందులో మనం చూసింది సగమే. ఈ లెక్కన నానమ్మ కళ్లు మసకగా ఉన్నాయన్న సీనియరు చిన్న మాటేమీ అనలేదు. ఆ సంగతి తెలిసే అన్నాడా అంటే అది వేరే విషయం.

ఫ్రెంచి తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ లెవినాస్ దీనికి పూర్తిగా అడ్డం తిరుగుతాడు. లిథువేనియాలో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు ఖైదీగా చిక్కాడు. లిథువేనియాలోని సొంతవూళ్లో ఉన్న తల్లిదండ్రులనూ తమ్ముళ్లనూ నాజీలు చంపేశారు. ముఖం గురించి ఆయన అంతగా ఆలోచించడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేం గానీ, ఇది పక్కన పెట్టి చదవడం కష్టం. ఆయన లెక్కన ఎదుటివాడి ముఖం మనతో మొట్టమొదట చెప్పేది తనను చంపవద్దని. ముక్కు, నుదురు, గడ్డం అంటూ వర్ణించడం మొదలుపెట్టామంటే మనం అప్పటికే మనిషిని వదిలేసి వస్తువును చూస్తున్నాం. కళ్ల రంగు కూడా గుర్తులేనంతగా కలిస్తేనే మనిషిని కలిసినట్టు. పోర్ట్రెయిట్లు తీసేవాడికి ఇంతకంటే పెద్ద ఇబ్బంది లేదు. వాడి పనంతా ఆ ముక్కూ నుదురే.

చూడటం కన్నా ముందు ఎవరు చూడాలో తేల్చుకున్న సందర్భం మన హైదరాబాదులోనే ఒకటుంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. అక్కడ కెమెరా వెనక మగవాడి చూపు లేదు. వ్యాపారమే కావచ్చు, కూర్చునేవాళ్ల అభ్యంతరాన్ని ముందే లెక్కలోకి తీసుకున్న వ్యాపారం.

అలా తీసుకోనప్పుడు ఏమవుతుందో 1936లో కాలిఫోర్నియాలో, నిపోమో దగ్గర బఠాణీ కోసే కూలీల శిబిరంలో కనబడుతుంది. ప్రభుత్వం తరఫున తిరుగుతున్న ఫొటోగ్రాఫరు డొరొతియా లాంగ్ ఒక గుడారం ముందు ఆగి, పిల్లలతో కూర్చున్న ఒక తల్లిని ఫొటో తీసింది. వయసు 32 అని తెలుసుకుంది, పేరు అడగలేదు. 'మైగ్రెంట్ మదర్' పేరుతో అది ప్రపంచమంతా తెలిసిన ఫొటో. అందులో కుడివైపు కింద మూలలో ఒక బొటనవేలు ఉండేది, గుడారం కర్రను పట్టుకున్న చెయ్యి తాలూకుది. లాంగ్ కంటికి అది నలుసులా తగిలింది. కొన్నాళ్లకు నెగెటివులోనే దాన్ని చెరిపించింది. ఆమె పై అధికారి రాయ్ స్ట్రైకర్‌కు ఆ పని నచ్చలేదు, ఉన్నదాన్ని మార్చడమేమిటన్నాడు. ఆ వేలు ఉండాలా పోవాలా అని ఈనాటికీ ఫొటోగ్రఫీ తరగతుల్లో వాదించుకుంటారు. చెరిపినా పూర్తిగా పోలేదు, శ్రద్ధగా చూస్తే నీడలా కనిపిస్తుంది.

ఆ తల్లి ఎవరో మాత్రం 1978 దాకా లోకానికి తెలియదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్, చెరోకీ జాతి స్త్రీ. నలభై రెండేళ్ల తర్వాత ఒక విలేకరి వెతికి పట్టుకుంటే ఆమె చెప్పింది ఫిర్యాదు. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని, దానివల్ల తనకు ఒక్క పైసా రాలేదని, తన పేరైనా అడగలేదని. వెలుగు గురించి, కూర్పు గురించి, వేలు గురించి అన్నేళ్లు వచ్చిన అభిప్రాయాల మధ్య అసలు మనిషి అభిప్రాయం అంత ఆలస్యంగా చేరింది.

మన కుర్రాడు ఇప్పుడు కేలెండరును సాఫ్ట్‌వేరులో చెరపాలా అని ఆలోచిస్తున్నాడు. రెండు నిమిషాల పని. నానమ్మ పక్కగదిలోనే ఉంది.

ఫ్లోరెన్స్ 1983లో చనిపోయింది. ఆమె సమాధి రాయి మీద పేరుతో పాటు 'మైగ్రెంట్ మదర్' అనీ చెక్కించారు.