తుఫాను హెచ్చరిక – దైవంపై భరోసా

బంగాళాఖాతం తీరంలో ఏటా రెండు తుఫాను కాలాలు వస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరొకటి. హెచ్చరిక వెలువడి, ఇళ్ళు ఖాళీ చేయమని అధికారులు చెప్పినప్పుడు మన ఇళ్ళలో ఒక మాట వినిపిస్తుంది: “అల్లాహ్ రాసిపెట్టిందే జరుగుతుంది. ఇల్లు వదిలి ఎక్కడికి పోతాం?” ఈ మాట మొదటి భాగం సత్యం. విధిరాతను నమ్మడం ఈమాన్‌లో భాగం. అయితే ఆ సత్యం నుంచి రెండవ భాగం పుడుతుందా? ఆలోచించవలసిన విషయం ఇదే.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో సిరియా వైపు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరుకున్నారు. సిరియాలో ప్లేగు వ్యాపించిందని అక్కడ తెలిసింది. ఆయన సహచరులను సంప్రదించి, వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. లోయకు ఒక పక్క పచ్చిక, మరో పక్క బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది దైవవిధే కదా అని వివరించారు. అంటే ప్రమాదం ఎలా విధిలో ఉందో, దాని నుంచి తప్పించుకునే దారీ అలాగే విధిలో ఉంది. ఉప్పెన విధి అయితే, ముందుగా అందిన హెచ్చరిక కూడా విధే. తుఫాను షెల్టరు కూడా విధే.

మన తీరం చరిత్రే దీనికి సాక్ష్యం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. 1990 మే నెలలో అదే కృష్ణా తీరాన్ని మరో భీకర తుఫాను తాకింది. ఈసారి ఆరు లక్షల మందికి పైగా ప్రజలను ముందే తరలించారు. అయినా తొమ్మిది వందలకు పైగా మరణించారు. అది చిన్న నష్టం కాదు. కాని సకాలంలో కదలడం వల్ల ఎన్ని వేల ఇళ్ళు దుఃఖం నుంచి తప్పించుకున్నాయో ఊహించవచ్చు.

నీట మునిగి, గోడ కూలి మరణించిన విశ్వాసికి షహీద్ స్థానం లభిస్తుందని దైవప్రవక్త (స) శుభవార్త తెలిపారు. ఇది ఆప్తులను కోల్పోయిన వారికి గొప్ప ఊరట. అంతేగాని అజాగ్రత్తకు అనుమతి కాదు. చేజేతులా వినాశంలో పడవద్దని దివ్య ఖుర్‌ఆన్ హెచ్చరిస్తోంది.

ఇక్కడ ఇంటి పెద్ద తనను తాను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. “నేను అల్లాహ్‌పై భరోసా ఉంచి ఇక్కడే ఉంటాను” అన్నప్పుడు, ఆ నిర్ణయానికి మూల్యం చెల్లించేది ఎవరు? మంచం దిగలేని తల్లి, నెలలు నిండిన కోడలు, ఈత రాని పసిపిల్లలు. తవక్కుల్ మన హృదయానికి సంబంధించినది. ఇతరుల ప్రాణాలను దానికి పందెంగా పెట్టే హక్కు మనకు లేదు. ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి కాపరినీ అతని బాధ్యత గురించి ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) బోధించారు. కుటుంబం మన ఆస్తి కాదు, అమానత్.

ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భరోసా ఉంచమన్న హితవు మనందరికీ తెలుసు. ఉప్పెన ముంచుకొచ్చే వేళ అదే హితవును పాటించాలంటే పశువుల పలుపులు విప్పాలి! కట్టు మీద ఉన్న పశువు ఈదలేదు. చేయవలసిన పని సందర్భాన్ని బట్టి మారుతుంది. దాన్ని చేయవలసిన బాధ్యత మాత్రం మారదు. చలిగాలి, వాన ఉన్న రాత్రి ఇళ్ళలోనే నమాజు చేసుకోమని ప్రకటించమని దైవప్రవక్త (స) ముఅజ్జిన్‌ను ఆదేశించేవారు. ఆరాధన విషయంలోనే ఇంత సౌలభ్యం ఉంటే, ఇంటి తలుపులు, సామాన్ల కోసం ప్రాణాలకు తెగించడంలో పుణ్యం ఏముంటుంది?

కాబట్టి సీజనుకు ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి. ఎటు వెళ్ళాలి, వృద్ధులను ఎవరు తీసుకెళ్ళాలి అన్నది నిర్ణయించుకోవాలి. రేషన్ కార్డు, ఆధార్, పట్టాదారు పాసు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో భద్రపరచాలి. మంచినీళ్ళు, మందులు, టార్చిలైటు, అటుకులు, బెల్లం వంటివి సిద్ధంగా ఉంచాలి. వెళ్ళేటప్పుడు కరెంటు మెయిన్, గ్యాస్ ఆపాలి. గాలి హఠాత్తుగా ఆగితే తుఫాను పోయిందని బయటికి రాకూడదు. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి గాలి విరుచుకుపడుతుంది.

అయితే సిద్ధపడటానికీ ఒక హద్దు ఉంది. కరువును ఎదుర్కోవడానికి యూసుఫ్ (అలై) ధాన్యం నిల్వ చేయించారు. అది ప్రజలందరి కోసం. ధర పెంచుకోవడానికి సరుకు దాచే వ్యాపారిని దైవప్రవక్త (స) పాపాత్ముడన్నారు. దుకాణంలోని పాల ప్యాకెట్లన్నీ మనమే కొనేస్తే పక్కింటి పసిబిడ్డకు ఏం మిగులుతుంది? రేకుల ఇంట్లో ఉండే పొరుగువాడు ఏ మతస్థుడైనా అతనికి మనపై హక్కు ఉంది. హెచ్చరిక అతనికి చేరిందో లేదో కనుక్కోవడం, మన వాహనంలో చోటివ్వడం, గట్టి కట్టడమైన మస్జిద్ తలుపులు అతనికీ తెరవడం మన ధర్మం.

ఇన్నీ చేశాక కూడా గాలి మన చేతిలో లేదు. మబ్బు కమ్మితే, పెనుగాలి వీస్తే దైవప్రవక్త (స) ముఖంలోనే ఆందోళన కనిపించేది. ఆయన దాని మేలును కోరుతూ, కీడు నుంచి శరణు వేడుకునేవారు. చేయగలిగినదంతా చేసి చేతులెత్తినప్పుడే అది దుఆ, అదే నిజమైన తవక్కుల్.

అల్లాహ్ మన ఇళ్ళనూ, మన పొరుగువారి ఇళ్ళనూ కాపాడుగాక! అమానత్‌ను నిలబెట్టుకునే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.