చిత్రలేఖనము: అభ్యాసము, వైరాగ్యము

బాపట్లకు సమీపముననున్న సూర్యలంక తీరమునకు కార్తిక పౌర్ణమినాడు సముద్రస్నానార్థము భక్తులు వేలాదిగా వత్తురు. అచ్చటి తడియిసుకపై బాలుడు గీసిన బొమ్మను తరువాతి అల తుడిచివేయును. నిలువనిదానిని గీయుట వృథాశ్రమ కాదా యను సందేహము కలుగవచ్చును.

ఇందుకు శ్రీకాళహస్తి కలంకారీ పనియే సమాధానము. కరక్కాయ, పాలతో సిద్ధపరచిన వస్త్రముపై చింతపుల్లల బొగ్గుతో రూపురేఖలను దిద్ది, పిదప ఇనుము, బెల్లము ఊరవేసి చేసిన నల్లరంగుతో వెదురుకలమున గీయుదురు. ఆ నల్లని గీతను చెరపుట సాధ్యము కాదు. దానిని తడబాటు లేక గీయు చేయి, అంతకుముందు చెరిగిపోయిన అనేక గీతల వలననే సిద్ధమైనది.

అయితే ఒకే తప్పును వేయిమారులు గీసినచో తప్పే స్థిరపడును. వంపు ఎచ్చట తప్పినదో చూచి, ఆ వంపునే మరల దిద్దుట అభ్యాసము. భగవద్గీత ఆఱవ అధ్యాయమున మనోనిగ్రహమునకు అభ్యాసముతోపాటు వైరాగ్యమును కూడ భగవానుడు విధించెను. చిత్రము నేర్చువానికిని ఆ రెండును కావలెను. తాను గీసినదను మమకారమున్నచో కంటికి దోషము కనబడదు. దోషము కనబడనిదే దిద్దుబాటు లేదు. గీసినదానిని అలకు విడువగలవానికే తరువాతి గీత మెరుగగును. ఇసుకపై చెరిగినది చేతిలో నిలుచును.